తత్త్వవేత్తకు అన్నం పెట్టిందెవరు? అమలాపురంలో ఆదివారం తరగతులపై ఒక సమీక్ష

అమలాపురంలో కాలువ గట్టుకు దగ్గరగా ఉన్న ఒక మేడ మీది హాలులో, తత్త్వవేత్తల జీవితాలనూ వారి ఆలోచనా స్వాతంత్ర్యాన్నీ కలిపి చెప్పే ఆదివారం సాయంకాలపు తరగతులు ఈ మధ్యనే ఒక విడత పూర్తి చేసుకున్నాయి. గ్రూప్స్ పరీక్షలకూ, స్పోకెన్ ఇంగ్లీషుకూ, యోగాసనాలకూ, గీతాపారాయణకూ శిక్షణ దొరికే కోనసీమలో, ఉద్యోగమూ పుణ్యమూ రెండూ ఇవ్వని ఒక పాఠానికి జనం డబ్బు కట్టి వచ్చి కూర్చున్నారన్నదే ముందుగా గుర్తించవలసిన సంగతి. రుసుము విడత మొత్తానికి 1,200 రూపాయలు, చదువుకునే పిల్లలకు అందులో సగం. పరీక్ష లేదు, ధ్రువపత్రం లేదు. పాఠం చెప్పేవారు డిగ్రీ కళాశాలలో తత్త్వశాస్త్రాన్నే బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకులు; అందరూ మాస్టారనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అలాగే పేర్కొంటాను. చేరదలచినవారి కోసం నా అభిప్రాయం ముందే చెప్పాలంటే, పరాయి దేశాల తత్త్వవేత్తల విషయంలో ఇంత నిక్కచ్చి పాఠాలు నేను తెలుగులో వినలేదు. మన గడప దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ నిక్కచ్చితనం సడలిపోయింది.

తత్త్వవేత్తల గురించి మన ఊళ్లలో సాధారణంగా రెండు రకాల ప్రసంగాలు వినిపిస్తాయి. ఒకటి జయంతి సభలో చేసే స్తోత్రం. రెండోది ‘చెప్పేవి శ్రీరంగనీతులు’ అంటూ మొదలై, ఆ మనిషి గుట్టు బయటపెట్టడంతో ముగిసే దెప్పిపొడుపు. మాస్టారి పద్ధతి ఈ రెండింటికీ దూరంగా ఉంటుంది. ఒక తత్త్వవేత్తను పరిచయం చేయగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న, ఇతనికి అన్నం పెట్టిందెవరన్నది. ఆ అన్నం పెట్టినవారికి నచ్చని మాట ఇతను ఎప్పుడైనా అన్నాడా, అని ఏం పోగొట్టుకున్నాడు, అనవలసిన చోట ఎక్కడ ఊరుకున్నాడు అని ఆ తరువాత ఆరా తీస్తారు. మంచివాడా కాదా అన్న ప్రశ్నను ఆయన నిషేధించరు గాని, వెనక బెంచీకి పంపిస్తారు. సౌశీల్యమూ ఆలోచనా స్వాతంత్ర్యమూ ఒకే మనిషిలో కలిసి ఉండితీరాలన్న నియమమేదీ లేదని, రెండింటినీ విడివిడిగా తూచవలసిందేనని మొదటి తరగతిలోనే చెప్పి, దానికి కట్టుబడి చాలా దూరం నడిచారు.

ఈ పద్ధతి బలం స్పినోజా తరగతిలో పూర్తిగా కనిపించింది. 1632లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టిన ఈ యూదు యువకుణ్ణి 1656 జూలై 27న సొంత సమాజమే వెలివేసింది. అతనితో మాట్లాడరాదు, అతనున్న కప్పు కింద ఉండరాదు, అతను రాసింది చదవరాదు అన్నది ఆ వెలి. ఆ తరువాత అతను కటకాలు సానపట్టే పని చేస్తూ బతికాడన్నది చాలామందికి తెలిసిన కథే గాని, మాస్టారు అక్కడ ఆగలేదు. సీమోన్ డి వ్రీస్ అనే స్నేహితుడి ఆస్తి నుంచి ఏటా 500 ఫ్లోరిన్లు ఇస్తామంటే, అంత అక్కరలేదని 300 మాత్రమే తీసుకోవడానికి స్పినోజా ఒప్పుకున్న సంగతి ఎత్తి, అప్పుడు అతనికి అన్నం పెట్టింది కటకాలా, స్నేహితుడా అని మమ్మల్నే అడిగారు. 1670లో మత రాజకీయ గ్రంథాన్ని ప్రచురించినప్పుడు రచయిత పేరు లేదు, ముద్రించిన ఊరు కూడా హాంబర్గ్ అని తప్పుగా వేశారు. తన జీవితకృషి అయిన ‘ఎథిక్స్’ను 1675లో అచ్చుకు ఇవ్వబోయి వెనక్కి తీసుకున్నాడు, అది 1677లో, అతను 44 ఏళ్లకే చనిపోయిన తరువాత గాని వెలువడలేదు. అతని ముద్రికపై ఉన్న మాటకు జాగ్రత్త అని అర్థం. స్వతంత్రంగా ఆలోచించడమంటే గుండీలు విప్పుకుని నడిబజారులో నిలబడటమే అనుకునే కుర్రవాళ్లకు ఈ వివరాలు కొంత నిరాశ కలిగించి ఉంటాయి. నాకు మాత్రం ఆ తరగతిలో అన్నిటికంటే విలువైనవి ఇవే అనిపించాయి.

1673 నాటి ఉత్తరం చదివించడం మరో మంచి పని. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇస్తామని, తత్త్వచింతనకు పూర్తి స్వేచ్ఛ ఉంటుందని, అయితే స్థిరపడిన మతానికి భంగం కలిగేలా ఆ స్వేచ్ఛను వాడుకోరని నమ్ముతున్నామని అక్కడి ప్రభువు తరఫున కబురు వస్తే, ఆ స్వేచ్ఛను ఏ హద్దుల్లో ఉంచుకోవాలో తనకు తెలియదంటూ స్పినోజా వినయంగా కాదన్నాడు. ఈ ఉత్తరానికి మాస్టారు స్వయంగా చేసిన తెలుగు అనువాదాన్ని జిరాక్స్ తీయించి అందరికీ పంచారు. దాని పక్కనే, 1676 నవంబరులో హేగ్ నగరంలో స్పినోజాను కలిసి మాట్లాడి, తరువాతి కాలంలో ఆ పరిచయాన్ని తక్కువ చేసి చెప్పుకున్న జర్మన్ తత్త్వవేత్త లైబ్నిజ్‌ను నిలబెట్టారు. హానోవర్ ప్రభువుల కొలువులో ఉండి, వారి వంశచరిత్ర రాసే బాధ్యతను జీవితాంతం మోసిన లైబ్నిజ్ మేధలో స్పినోజాకు తీసిపోడు. కొన్ని విషయాల్లో ఎక్కువే. అతనికి కొలువు ఏమిచ్చిందో, ఏం పుచ్చుకుందో రెండూ చెప్పి, తీర్పు చెప్పకుండా వదిలేశారు. తీర్పు లేకపోవడం ఇక్కడ లోటనిపించలేదు.

కాంట్ తరగతి వాదోపవాదాలతో గంటన్నర దాటింది. 1784 నాటి జ్ఞానోదయ వ్యాసంలో కాంట్ ఒక చిత్రమైన విభజన చేస్తాడు: పదవిలో ఉన్న మనిషి ఆ పదవికి సంబంధించినంతవరకు ఆజ్ఞను పాటించాలి, అదే మనిషి పండితుడిగా చదువరుల లోకం ముందు నిలబడినప్పుడు మాత్రం అతని నోటికి ఏ అడ్డూ ఉండకూడదు. పదేళ్ల తరువాత, 1794లో, మతం గురించి అతను రాసినవాటిని తప్పుపడుతూ ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ విలియం నుంచి హెచ్చరిక వచ్చింది. ‘ఏలినవారి అత్యంత విధేయ ప్రజగా’ ఇకపై మతం గురించి బహిరంగంగా ఏమీ చెప్పనని కాంట్ మాట ఇచ్చాడు. 1797లో రాజు చనిపోగానే, తాను మాట ఇచ్చింది ఆ రాజు ప్రజగా మాత్రమే కాబట్టి ఇక కట్టుబడనక్కరలేదని భావించి, 1798లో మళ్లీ రాసి, ఆ పుస్తకం ముందుమాటలోనే పాత ఉత్తరాలను అచ్చువేశాడు. అబద్ధం ఏ పరిస్థితిలోనూ ఆడరాదన్న తత్త్వవేత్త చేసిన ఈ పనిని ఏమనాలి?

రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన లేచి, “మాస్టారూ, ఇది అబద్ధం కాదండి, ఫైలు మీద నోటు రాసే విద్యండి” అన్నారు. హాలంతా నవ్వింది గాని, ఆయన ఆ తరువాత చెప్పింది నవ్వుకునేది కాదు. కాంట్ విడిచిపెట్టమన్న చోటునే మన ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి కట్టేస్తుందని, కార్యాలయంలో ఆజ్ఞను పాటించడమే గాక బయట పత్రికలో ప్రభుత్వ విధానాన్ని విమర్శించడం కూడా తప్పేనని, కాబట్టి తాను సర్వీసులో ఉన్నన్నాళ్లూ కాంట్ చెప్పిన ఆ రెండో మనిషి తనలో పుట్టనే లేదని ఆయన వివరించారు. ఇటువంటి మాటలు బయటికి రావడానికి చోటివ్వడమే ఈ తరగతుల అసలు నాణ్యత. మాస్టారు ఆ పెద్దాయనను మాట్లాడనిచ్చి, తన పాఠాన్ని కుదించుకున్నారు.

సోక్రటీసు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విషపాత్ర కథ అందరికీ తెలిసిందే. అయితే విచారణకు ముందు, ముప్పైమంది నిరంకుశుల పాలనలో, సలామిస్ వాసి లియోన్‌ను పట్టి తెమ్మని ఐదుగురికి ఆజ్ఞ ఇస్తే, నలుగురు వెళ్లారని, సోక్రటీసు మాత్రం నేరుగా ఇంటికి వెళ్లిపోయాడని గుర్తుచేయడం బాగుంది.

షోపెన్‌హావర్, రూసో తరగతులు మాత్రం దారి తప్పాయి. 1820లో బెర్లిన్‌లో హెగెల్ పాఠం చెప్పే వేళకే తన పాఠాన్నీ పెట్టుకుని, వినేవాళ్లు లేక షోపెన్‌హావర్ భంగపడిన కథ, ఇంటి గుమ్మం దగ్గర ఒక కుట్టుపని చేసుకునే ఆవిడను తోసేసి కోర్టు తీర్పు మేరకు ఆమె బతికినన్నాళ్లూ భరణం చెల్లించిన కథ చెప్పి, జనాన్ని నవ్వించి, అక్కడితో చుట్టేశారు. అసలు అడగవలసిన ప్రశ్న అక్కడే ఉంది. జీతానికి తత్త్వం చెప్పే ఆచార్యులను అంతగా ఎగతాళి చేసిన మనిషి వర్తకుడైన తండ్రి వదిలిపోయిన సొమ్ము మీద బతికాడు. వారసత్వం ఇచ్చిన స్వాతంత్ర్యాన్నీ, కటకాలు సానపట్టి సంపాదించుకున్న స్వాతంత్ర్యాన్నీ ఒకే తక్కెడలో వేయవచ్చా అన్నది చర్చకు రావలసింది, రాలేదు. రూసో తన ఐదుగురు పిల్లలను అనాథాశ్రమానికి పంపి, పిల్లల పెంపకం మీద పుస్తకం రాశాడన్న మాట రెండుసార్లు వినిపించింది. 1752లో అతని సంగీత నాటకం ఫ్రాన్సు రాజుకు నచ్చి, పింఛను వస్తుందన్న సమయంలో రాజదర్శనానికి వెళ్లకుండా తప్పించుకున్నాడని, సంగీత ప్రతులు రాసి ఇచ్చి పొట్టపోసుకున్నాడని ఒక్కసారీ వినిపించలేదు. పిల్లల విషయం చిన్న తప్పని నేననడం లేదు. మొదటి తరగతిలో పెట్టుకున్న నియమాన్ని ఇక్కడ మాస్టారే మరిచారంటున్నాను.

దానికి ప్రాయశ్చిత్తమా అన్నట్లు ఫ్రెగే తరగతి వచ్చింది. ఈ పేరు మన దగ్గర తెలిసినవారు తక్కువ. ఆధునిక తర్కశాస్త్రానికి పునాది వేసిన ఈ జర్మన్ గణితవేత్తకు 1902లో, తన మహాగ్రంథం రెండో సంపుటం అచ్చులో ఉండగా, బెర్ట్రండ్ రస్సెల్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గ్రంథం ఆధారపడిన మూలసూత్రాల్లో వైరుధ్యం పుడుతోందని అందులో ఉంది. ఫ్రెగే దాన్ని దాచలేదు, వాదించలేదు. ఎన్నో ఏళ్ల శ్రమకు పునాది కదిలిందని ఒప్పుకుంటూ 1903లో ఆ సంపుటానికే ఒక అనుబంధం చేర్చి ప్రచురించాడు. సత్యం పట్ల అంత అంకితభావం తాను మరెక్కడా చూడలేదని రస్సెల్ చాలా ఏళ్ల తరువాత రాశాడు. ఇదే ఫ్రెగే 1924లో రాసుకున్న దినచర్యలో యూదుల పట్ల ద్వేషం నిండిన రాతలున్నాయి. అతని తర్కాన్ని జీవితమంతా వ్యాఖ్యానించిన మైకేల్ డమ్మెట్, జాతి విద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసిన మనిషి కావడంతో, ఆ దినచర్య చూసి దిగ్భ్రాంతి చెందానని తన పుస్తకం ముందుమాటలో చెప్పుకున్నాడు.

అంబాజీపేట వైపు నుంచి వచ్చే ఒక కొబ్బరి వర్తకుడు ఇక్కడ అడిగిన ప్రశ్న ఈ విడతంతటికీ ఆయువుపట్టు. “ఆయన చెప్పింది నిజమైతే చాలదాండీ మాస్టారూ? ఆయన ఎలాంటోడైతే మనకేంటండీ?” అన్నారాయన. మాస్టారి జవాబు ఇది. రుజువుతో నిలబడే మాటకు చెప్పినవాడి పూచీ అక్కరలేదు. ఫ్రెగే తర్కం ఫ్రెగే మంచితనం మీద ఆధారపడదు. కాని ఎలా బతకాలో చెప్పేవాడు, తన చూపును నమ్మమనేవాడు, రుజువుకు బదులు తననే పూచీగా పెడుతున్నాడు. అతని ఖాతా తెరిచి చూసే హక్కు మనకుంది. వర్తకుడు తృప్తిపడలేదు. సరుకు బాగుంటే రైతు గుణం ఎందుకని మళ్లీ అడిగితే, కాయ దింపి కళ్లెదుట ఒలిచి చూపించేవాడి సంగతి వేరు, బస్తా మూతి కట్టి నా మాట మీద తూకం వేయమనేవాడి సంగతి వేరు అని మాస్టారు అన్నారు. ఆ పోలికకు వర్తకుడు తల ఊపారు.

జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ ఈ రెండు రకాల మధ్య పడతాడు కనుక అతని గురించి చర్చ కష్టంగా సాగింది. 1933 ఏప్రిల్‌లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టరయ్యాడు, మే నెలలో నాజీ పార్టీలో చేరాడు, 1934లో రెక్టరు పదవి వదిలినా పార్టీ సభ్యత్వం 1945 దాకా ఉంచుకున్నాడు. తన ప్రధాన గ్రంథం ‘బీయింగ్ అండ్ టైమ్’ను యూదుడైన గురువు హుస్సెర్ల్‌కు ఇచ్చిన అంకితం 1941 నాటి ముద్రణలో కనిపించదు. అదే దేశంలో, అదే వృత్తిలో ఉన్న యాస్పర్స్, భార్య యూదు స్త్రీ అయినందువల్ల 1937లో ఉద్యోగం పోగొట్టుకున్నాడు గాని ఆమెను వదులుకోలేదు. మాస్టారు ఇద్దరి జీవితాలనూ తేదీలతో సహా నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, హైడెగర్ గ్రంథాన్ని చదవాలా వద్దా అని అడగకుండా, ఆ గ్రంథంలో ఏ మాటలు ఆ సంవత్సరాల వైపు తలుపు తెరిచాయో వెతకండి అన్నారు. డిగ్రీ విద్యార్థికి కూడా ఇది బరువైన పనే. అయినా తేలిక చేయకపోవడం నాకు నచ్చింది.

వసతుల విషయం క్లుప్తంగా చెబుతాను. కుర్చీలు చాలినన్ని ఉన్నాయి, ఫ్యాన్లు ఉన్నాయి, కరెంటు పోతే ఇన్వర్టర్ మైకుకు సరిపోతుంది గాని ఫ్యాన్లకు సరిపోదు. ఉక్కపోత రోజుల్లో చివరి అరగంట భరించడం కష్టం. ముక్తేశ్వరం రేవు దాటి కోటిపల్లి వైపు వెళ్లవలసినవారు పంటు దొరకదన్న భయంతో చర్చ మధ్యలోనే లేచిపోతున్నారు. తరగతిని గంట ముందే మొదలుపెడితే సరిపోయేదానికి, పాత వేళే కావాలని నిర్వాహకులు ఎందుకు పట్టుబడుతున్నారో అర్థం కాలేదు. దాళ్వా కోతల సమయంలో హాలు సగం ఖాళీ అయింది. జిరాక్స్ ప్రతులు మంచి తెలుగులో ఉన్నాయి, అచ్చు మాత్రం మసక. దాతల ఫ్లెక్సీలు లేవు, శాలువాలు లేవు, ముఖ్య అతిథి లేడు. వచ్చినవారి రుసుముతోనే హాలు అద్దె, మాస్టారి పారితోషికం గడుస్తాయి. ఒక సభ శాలువా లేకుండా ముగియడం మన జిల్లాల్లో అరుదైన సంఘటన కాబట్టి దీన్ని ప్రత్యేకంగా నమోదు చేస్తున్నాను.

ఇక చివరి తరగతులు. యాజ్ఞవల్క్యుడితో మొదలయ్యాయి. బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు కొమ్ములకు బంగారం కట్టిన వెయ్యి గోవులను నిలబెట్టి, మీలో బ్రహ్మిష్ఠుడు, అంటే బ్రహ్మజ్ఞానంలో అందరినీ మించినవాడు, ఎవరో తోలుకుపొమ్మంటే, వాదం మొదలు కాకముందే యాజ్ఞవల్క్యుడు శిష్యుడితో ఆవులను తోలించేస్తాడు. నువ్వే బ్రహ్మిష్ఠుడివా అని అడిగితే, బ్రహ్మిష్ఠుడికి నమస్కారం, మాకు కావలసింది గోవులే అంటాడు. అన్నం పెట్టిందెవరన్న ప్రశ్నకు మన వాఙ్మయంలో ఇంతకంటే మంచి సన్నివేశం ఉందా? మాస్టారు దాన్ని చమత్కారంగా చెప్పి దాటేశారు. అదే సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నించిన గార్గి ప్రస్తావన, ఇంకా అడిగితే నీ తల తెగిపడుతుందని ఆయన ఆమెకు చేసిన హెచ్చరిక, ఒక ఉపాధ్యాయిని అడిగితే గాని రాలేదు.

వీరేశలింగం తరగతి జయంతి సభలా నడిచింది. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి అవినీతిపరులను పేర్లతో సహా ఎండగట్టిన ధైర్యం, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో జరిపించిన తొలి వితంతు వివాహం, ఆస్తిని హితకారిణీ సమాజానికి రాసివ్వడం, అన్నీ వచ్చాయి. ఆ వివాహాలకు కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేసిన సంగతీ వచ్చింది. దాత చెయ్యి వెనక్కి తీసుకుంటే ఉద్యమం ఏమయ్యేదని, దాతకు నచ్చని మాట వీరేశలింగం అనగలిగేవారా అని మాత్రం ఎవరూ అడగలేదు. స్పినోజా విషయంలో మమ్మల్ని అడిగినవారు ఇక్కడ అడగలేదు. నాస్తికుడైనందుకు గోరా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో ఉద్యోగం పోగొట్టుకున్న సంగతి ఐదు నిమిషాల్లో ముగిసింది. రఘుపతి వెంకటరత్నం నాయుడు వంటి సంస్కర్త ప్రిన్సిపాలుగా పనిచేసిన కళాశాలలోనే ఇది జరిగింది. సంస్కరణ ఎంతవరకు సహించి ఎక్కడ ఆగుతుందో చూపడానికి మన పక్క ఊళ్లోనే దొరికిన ఉదాహరణ అది. రాధాకృష్ణన్ తరగతిలో 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష (వైస్ ఛాన్సలర్) పదవి నుంచి రాష్ట్రపతి భవన్ దాకా మెట్లు వరసగా ఎక్కాం. 1929లో జదునాథ్ సిన్హా అనే పరిశోధకుడు తన పరిశోధన నుంచి భాగాలు తీసుకున్నారని ఆయనపై కలకత్తా హైకోర్టులో దావా వేయడం, ఆయన ఎదురు దావా వేయడం, 1933లో రాజీతో అది ముగియడం ప్రస్తావనకే రాలేదు. తీర్పు రాలేదు కాబట్టి నేరం రుజువైనట్లు కాదు. ఆ మాట చెబుతూనే విషయాన్ని చెప్పవచ్చు. హైడెగర్ తేదీలను నల్లబల్ల మీద రాసిన చెయ్యి ఇక్కడ సుద్దముక్క ముట్టుకోలేదు.

వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటుంది. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లా కేంద్రంలో, ఆలోచనా స్వాతంత్ర్యం మీద ఒక విడత పాఠాలు జరిగితే, అందులో అంబేడ్కర్‌కు తరగతి లేదు. 1936లో లాహోరుకు చెందిన జాత్-పాత్ తోడక్ మండల్ ఆయనను అధ్యక్షోపన్యాసానికి పిలిచి, ముందుగా తెప్పించుకున్న పాఠంలో కొన్ని భాగాలు తీసేయమని అడిగితే, ఒక్క కామా కూడా మార్చనని ఆయన జవాబిచ్చారు. సభ రద్దయింది. ఉపన్యాసాన్ని ఆయన సొంతంగా అచ్చువేయించి లోకం ముందు పెట్టారు. పిలిచినవారు శత్రువులు కారు, కులనిర్మూలన కోరే సంస్కర్తలే. కాబట్టి హైడెల్‌బర్గ్‌కు స్పినోజా రాసిన ఉత్తరం పక్కన పెట్టి చదవడానికి ఇంతకంటే తగిన పత్రం నాకు తోచడం లేదు. మాస్టారికి ఇది తెలియకపోయే అవకాశం లేదు. ఎందుకు వదిలేశారో ఈ ఊరివాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు. రుసుముతో నడిచే తరగతికి అన్నం పెట్టేది దాత కాదు, ఎదుట కూర్చున్నవాళ్లు. వాళ్లలో సగంమంది మళ్లీ రారేమోనన్న బెరుకు కూడా ఒక కొలువే.

ఇంత చెప్పినా, చేరమనే చెబుతాను. తత్త్వశాస్త్రంలో ముందస్తు పరిచయం అక్కరలేదు. పదో తరగతి తెలుగు సాఫీగా చదవగలిగితే జిరాక్స్ ప్రతులు అర్థమవుతాయి. సివిల్స్ పరీక్షకు ఉపయోగపడుతుందని పిల్లలను పంపే తల్లిదండ్రులు మాత్రం వేరే చోటు చూసుకోవడం మంచిది. ఇక్కడ నోట్సు చెప్పరు. ఫ్రెగే, కాంట్ తరగతుల కోసమే మొత్తం రుసుము కట్టవచ్చు. కొత్త విడత కార్తికమాసం వెళ్లాక మొదలవుతుందని నిర్వాహకులు చెప్పారు, పేర్లు హాలు కింద ఉన్న జిరాక్స్ దుకాణంలో రాయించుకోవచ్చు. చివరి రోజున ఫీడ్‌బ్యాక్ కాగితం ఇస్తే, వచ్చే విడతలో లాహోరు ఉపన్యాసానికి ఒక ఆదివారం కేటాయించమని నేను రాశాను. మాస్టారు నా ఎదుటే చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, “చూద్దామండీ, ముందు పేర్లు రానివ్వండి” అన్నారు.